బైపాస్ ఆపరేషన్‌లో రక్తస్రావం, కిడ్నీలు: లోపల ఏం చూస్తుంటారు? తెలిసినవాళ్ళు చెప్పండి

తణుకు శ్రీను | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 67 ఏళ్ళు, పద్దెనిమిదేళ్ళుగా షుగర్. పోయిన శుక్రవారం యాంజియోగ్రామ్ చేసి మూడు నాళాల్లోనూ బ్లాకులున్నాయి, బైపాస్ తప్పదన్నారు. ఇంకో పది రోజుల్లో హైదరాబాద్‌లో ఆపరేషన్. బరువు 62 కిలోలు, హిమోగ్లోబిన్ 11.2, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.4.

ఇవాళ కౌన్సెలింగ్‌కి పిలిచి పది నిమిషాల్లో అన్నీ చెప్పేశారు. అందులో రెండు మాటలు బుర్రలోంచి పోవడం లేదు. బ్లీడింగ్ అయితే మళ్ళీ ఛాతీ తెరవాల్సి రావచ్చట. కిడ్నీలు దెబ్బతింటే డయాలసిస్ కావాల్సి రావచ్చట. సంతకం పెట్టమన్నారు, పెట్టాను. అప్పట్నుంచి ఒకటే టెన్షన్.

గుండెకి ఆపరేషన్ చేస్తుంటే కిడ్నీకి ఎందుకు దెబ్బ? ఆ నాలుగైదు గంటలూ కిడ్నీల్ని ఎవరైనా కనిపెట్టుకుని ఉంటారా, లేక రెండ్రోజుల తర్వాత బ్లడ్ టెస్టులో చూసి అయ్యో అనుకుంటారా?

పంపు దగ్గర మనిషి | సోమవారం, రాత్రి 10:25

శ్రీనుగారూ, నేను పెర్ఫ్యూజనిస్టుని. హార్ట్-లంగ్ మెషీన్, అంటే గుండెని ఆపినంతసేపూ దాని బదులు రక్తాన్ని తిప్పే పంపు, నడిపే ఉద్యోగం, పద్నాలుగేళ్ళుగా. కనిపెట్టుకుని ఉండేవాళ్ళున్నారు. అందులో నేనొకణ్ణి.

ముందు రక్తం సంగతి. మామూలు రక్తం మా ప్లాస్టిక్ గొట్టాల్లోకి వస్తే నిమిషాల్లో గడ్డకడుతుంది. అందుకని మెషీన్ ఎక్కించే ముందు హెపారిన్ ఇస్తారు, కిలోకి 300 నుంచి 400 యూనిట్లు. నాన్నగారి బరువుకి ఇరవై వేల యూనిట్ల చుట్టుపక్కల. అంటే మనిషి రక్తాన్ని అసలు గడ్డకట్టకుండా చేసి, అప్పుడు గుండె మీద కత్తి పెడతారు. ఇది విని భయపడకండి. హెపారిన్ పనిచేసిందా లేదా అని ఏసీటీ అనే పరీక్ష థియేటర్‌లోనే చేస్తాం. మామూలుగా రెండు నిమిషాల లోపు గడ్డకట్టే రక్తం 480 సెకన్లు దాటినా కట్టకూడదు. అప్పుడుగానీ చాలాచోట్ల పంపు మొదలుపెట్టరు. ఆ తర్వాత అరగంటకోసారి మళ్ళీ చూస్తాం. పని అయ్యాక ప్రోటమిన్ ఇచ్చి హెపారిన్‌ని విరిచేస్తారు.

ఇక కిడ్నీ. గొట్టాలు నింపడానికి నేను లీటరు పైచిలుకు సెలైన్ లాంటి ద్రవం పోస్తాను. నాన్నగారి ఒంట్లో రక్తం సుమారు 4 లీటర్లు. అందులో నా 1.2 లీటర్లు కలిస్తే 11.2 ఉన్న హిమోగ్లోబిన్ 8.6కి దిగుతుంది, ఒక్క చుక్క రక్తం పోకుండానే. అదే 45 కిలోల ఆడమనిషి, హిమోగ్లోబిన్ 10 అయితే ఏడుకి వచ్చేస్తుంది. మన దగ్గర సన్నగా, రక్తం తక్కువగా ఉండే ఆడవాళ్ళ విషయంలో నాకు ఎక్కువ భయం ఇందుకే. కిడ్నీ లోపలి పొర మామూలు రోజుల్లో కూడా చాలీచాలని ఆక్సిజన్‌తో బతుకుతుంది. పలచబడ్డ రక్తం అక్కడికి వెళితే మొదట నలిగేది అదే.

దీనికి మాకో లెక్క ఉంది. నిమిషానికి ఒంటికి ఎంత ఆక్సిజన్ అందుతోంది అని. ఇటలీలో రనుచ్చి బృందం 2005లో చూపించిన గీత ఒకటుంది: శరీర వైశాల్యంలో ప్రతి చదరపు మీటరుకీ నిమిషానికి 272 మిల్లీలీటర్లు. దానికి దిగువన ఎక్కువసేపు ఉంటే కిడ్నీలు దెబ్బతినే అవకాశం పెరుగుతుంది. హిమోగ్లోబిన్ 8 ఉందనుకోండి, పంపుని చదరపు మీటరుకి నిమిషానికి 2.4 లీటర్ల మీద నడిపితే దాదాపు 257 వస్తుంది, చాలదు. 2.6కి పెంచితే 278. అంతే. రక్తం పలచనైతే పంపు పెంచాలి. బీపీ బాగుంది కదా అని ఊరుకుంటే కుదరదు.

ఖమ్మం కోడలు | సోమవారం, రాత్రి 10:50

మా మామయ్యగారికి గుండె ఆపకుండానే చేశారు, బీటింగ్ హార్ట్ అంటారే, అది. మెషీన్ గొడవే లేదు. మీ నాన్నగారికి కూడా అలా అడగొచ్చు కదా?

మత్తు డాక్టర్ | సోమవారం, రాత్రి 11:30

అడగొచ్చు. అయితే అది సర్జన్ చేతివాటాన్ని బట్టి, నాళాల తీరుని బట్టి తేలే విషయం. మన దేశంలో ఆ పద్ధతి చాలా ఎక్కువే.

దీని మీద కరొనరీ అని పెద్ద ట్రయల్ జరిగింది. ఇండియాతో సహా 19 దేశాలు, 4,752 మంది, 2012లో ఫలితాలు. మెషీన్ లేకుండా చేసినవాళ్ళలో రక్తం ఎక్కించాల్సిన అవసరం తగ్గింది. బ్లీడింగ్ కోసం మళ్ళీ తెరవడం 2.4 శాతం నుంచి 1.4కి తగ్గింది. కిడ్నీ గాయం కూడా 32 శాతం నుంచి 28కి. అయితే డయాలసిస్ దాకా వెళ్ళినవాళ్ళు రెండు వైపులా వందకి ఒకరు చొప్పునే, తేడా లేదు. ఏడాది తర్వాత కిడ్నీల పనితీరు చూస్తే అక్కడా తేడా లేదు. పైగా మెషీన్ లేకుండా చేసినవాళ్ళలో నాళం మళ్ళీ బాగుచేయాల్సి రావడం కొంచెం ఎక్కువ. అందుకే నేను ఎవరికీ "ఇదే అడగండి" అని చెప్పను. మీ సర్జన్‌కి ఏది అలవాటో అది చేయనివ్వండి.

ఇంకో మాట. 28 అయినా 32 అయినా చిన్న అంకె కాదు. శ్రీనుగారికి కౌన్సెలింగ్‌లో ఇది చెప్పి ఉండాల్సింది. చిన్నదో పెద్దదో కిడ్నీ గాయం సుమారు మూడోవంతు మందికి అవుతుంది, ఎక్కువమందికి తగ్గిపోతుంది, డయాలసిస్ అరుదు. ఈ మూడు ముక్కలూ కలిపి చెబితే ఇంత టెన్షన్ ఉండేది కాదు.

వరంగల్ వెంకన్న | మంగళవారం, ఉదయం 6:15

తగ్గిపోతుంది అని అంత తేలిగ్గా చెప్పకండి డాక్టర్ గారూ. మా బాబాయికి 2006లో ఆపరేషన్ అయింది. రక్తం ఆగడానికని బాగా ఖరీదైన ఇంజక్షన్ తెప్పించారు. రక్తం ఆగింది. మూడో రోజుకి మూత్రం కూడా ఆగింది. రెండేళ్ళు వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి తిప్పాను. ఏ ఇంజక్షనని అడిగితే ఎవరూ చెప్పలేదు. తర్వాత పేపర్లో చదివాను, అలాంటి మందుని అమెరికాలోనే ఆపేశారని.

టొరంటో తెలుగోడు | మంగళవారం, ఉదయం 8:05

వెంకన్నగారూ, మీ బాబాయికి ఏ మందు ఇచ్చారో మనకు తెలియదు కాబట్టి దానికీ దీనికీ ముడిపెట్టను. మీరు పేపర్లో చదివింది మాత్రం అప్రోటినిన్ గురించి అయ్యుంటుంది. నేను ఇక్కడ హాస్పిటల్ ఫార్మసిస్టుని. ఆ మందు కథ మా కెనడాలోనే పెద్ద మలుపు తిరిగింది, అందుకని కొంచెం పొడుగ్గా రాస్తాను.

అప్రోటినిన్ ఆవుల ఊపిరితిత్తుల్లోంచి తీసే మందు. (హెపారిన్ పంది పేగుల్లోంచి, ప్రోటమిన్ సాల్మన్ చేప వీర్యంలోంచి. గుండె థియేటర్ అంటే సగం పశువుల సంతే.) కట్టిన గడ్డ కరిగిపోకుండా ఆపుతుంది. అమెరికాలో 1993లో అనుమతి వచ్చింది. నిజంగానే రక్తం బాగా ఆపేది, ఆ విషయంలో వాదన లేదు. అయితే కిడ్నీ దాన్ని వడకట్టి తన గొట్టాల కణాల్లోనే దాచిపెట్టుకుంటుంది. అనుమానం అక్కడ మొదలైంది.

2006 జనవరిలో మాంగానో అనే ఆయన 4,374 మంది రికార్డులు చూసి, ఈ మందు వాడినవాళ్ళలో కిడ్నీ ఫెయిల్యూర్, గుండెపోటు, పక్షవాతం ఎక్కువ కనిపిస్తున్నాయని రాశారు. అదే సెప్టెంబరులో అమెరికా ఔషధ సంస్థ నిపుణులతో సమావేశం పెట్టింది. తయారీ కంపెనీ బేయర్ అప్పటికే 67,000 మంది రికార్డులతో ఒక అధ్యయనం చేయించి, దాని తొలి ఫలితాలు చేతిలో పెట్టుకుని కూడా ఆ సమావేశంలో చెప్పలేదు. కొద్ది రోజులకే సంగతి బయటికొచ్చింది.

అసలు దెబ్బ బార్ట్ ట్రయల్. కెనడాలో 19 ఆసుపత్రులు, ఎక్కువ రిస్కున్న 2,331 మంది. అప్రోటినిన్‌తో భారీ రక్తస్రావం 9.5 శాతం, దానితో పోల్చి చూసిన రెండు చవక మందులతో 12.1. చూశారా, రక్తం తక్కువే పోయింది. నెలరోజుల్లో చనిపోయినవాళ్ళు మాత్రం 6 శాతం. చవక మందులతో 4 శాతం. 2007 అక్టోబరులో ట్రయల్ మధ్యలో ఆపేశారు, నవంబరులో బేయర్ అమ్మకాలు నిలిపేసింది.

కథ అక్కడితో అయిపోలేదు. 2012 ఫిబ్రవరిలో యూరప్ ఔషధ సంస్థ బార్ట్‌ని మళ్ళీ తిరగేసి, తమ దగ్గరున్న నిషేధం ఎత్తేయమంది. మామూలు బైపాస్‌లో, భారీ రక్తస్రావం భయమున్న వాళ్ళకి మాత్రమే అని షరతు. వాళ్ళు చూపించిన కారణాల్లో ఒకటి ఏసీటీ! పైన పంపు దగ్గర మనిషి చెప్పిన పరీక్షే. కొన్ని రకాల ఏసీటీ పరీక్షల్లో అప్రోటినిన్ ఉంటే అంకె ఉత్తుత్తినే పెరుగుతుంది. హెపారిన్ సరిపోయిందనుకుని తక్కువ ఇచ్చే ప్రమాదం ఉంది. మందుది ఎంత తప్పు, కొలతది ఎంత తప్పు అన్నది నాకు ఇప్పటికీ ఒక కొలిక్కి వచ్చినట్టు అనిపించదు.

వరంగల్ వెంకన్న | మంగళవారం, ఉదయం 8:40

ఇంత వివరంగా ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదు. మరి ఇప్పుడు ఏం ఇస్తున్నారు?

మత్తు డాక్టర్ | మంగళవారం, మధ్యాహ్నం 2:10

ట్రానెక్సామిక్ యాసిడ్. పైన చెప్పిన రెండు చవక మందుల్లో ఒకటి. నెలసరి రక్తస్రావానికి మాత్రగా ఇస్తారే, అదే. 2017లో అటాకస్ ట్రయల్‌లో 4,600 మందికి పైగా బైపాస్ రోగుల్లో రక్తస్రావం తగ్గిస్తుందని తేలింది. దీనికీ ఒక చిక్కుంది, డోసు ఎక్కువైతే ఫిట్స్. ఆ ట్రయల్‌లో వెయ్యికి ఏడుగురికి వచ్చాయి, మందు ఇవ్వనివాళ్ళలో వెయ్యికి ఒక్కరికి. కిడ్నీ ద్వారానే బయటికి పోతుంది కాబట్టి క్రియాటినిన్ ఎక్కువున్నవాళ్ళకి నేను డోసు తగ్గిస్తాను.

వెంకన్నగారూ, పొద్దున మీ మాటకి నొచ్చుకోలేదు. తగ్గిపోతుంది అన్నది లెక్కల మాట. తగ్గనివాళ్ళ ఇంట్లో ఆ లెక్క దేనికీ పనికిరాదు.

శ్రీనుగారికి ఇంకొంచెం. ప్రోటమిన్ ఇచ్చాక కూడా రక్తం కారుతుంటే, వెనకటికి చేతికందిన ప్లాస్మా, ప్లేట్‌లెట్లు అన్నీ ఎక్కించేసేవాళ్ళు. ఇప్పుడు కొన్నిచోట్ల టెగ్, రోటెమ్ అనే మెషీన్లున్నాయి. 1948లో హార్టర్ట్ అనే జర్మన్ డాక్టరు కనిపెట్టిన పద్ధతి. చిన్న గిన్నెలో రక్తం పోస్తే అది గడ్డకట్టే తీరుని గీత గీసి చూపిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న రక్తానికి పక్కకి పడుకోబెట్టిన చెంబులాంటి బొమ్మ వస్తుంది. చెంబు మెడ పొడుగైతే గడ్డ మొదలవడమే ఆలస్యం, కడుపు సన్నగా ఉంటే ఫైబ్రినోజనో ప్లేట్‌లెట్లో తక్కువ, చివర మూసుకుపోతుంటే గడ్డ కరిగిపోతోంది. హెపారిన్ ఇంకా మిగిలుందా అన్నది పక్క గిన్నెలో తెలుస్తుంది. ఏది తక్కువైతే అదే ఎక్కించొచ్చు. అక్కర్లేని రక్తం ఎక్కించకపోవడం కిడ్నీకి కూడా మేలే.

ఆ మెషీన్ లేకపోయినా కంగారు పడొద్దు. ఒళ్ళు వెచ్చగా ఉంచడం, కాల్షియం చూడడం, సర్జన్ ఓపిగ్గా కారే చోట్లు వెతికి కుట్టడం, సగం రక్తం వీటితోనే ఆగుతుంది.

రిటైర్డ్ హెడ్మాస్టర్ | మంగళవారం, సాయంత్రం 5:30

బాబూ శ్రీనూ, కిడ్నీలకి బార్లీ నీళ్ళు, పల్లేరు కాయల కషాయం అమోఘం. ఈ పది రోజులూ పరగడుపున ఇప్పించు.

మత్తు డాక్టర్ | మంగళవారం, సాయంత్రం 6:00

మాస్టారూ, క్షమించాలి. కషాయాలు ఏవీ వద్దు. అవి లోపల ఏ మందుతో ఎలా కలబడతాయో ఆపరేషన్ బల్ల మీద తెలుసుకోవడం నాకిష్టం లేదు. శ్రీనుగారూ, నాన్నగారు క్లోపిడోగ్రెల్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్ర) వేసుకుంటుంటే మామూలుగా 5 రోజుల ముందు ఆపిస్తారు, ఆస్పిరిన్ చాలావరకు కొనసాగిస్తారు. మీరు సొంతంగా ఏదీ ఆపకండి, ఎప్పుడు ఆపాలో రాయించుకోండి. యాంజియోగ్రామ్ రంగు మందు వల్ల క్రియాటినిన్ కొద్ది రోజులు పెరగొచ్చు. ఆపరేషన్‌కి ముందు ఒకసారి మళ్ళీ చేయించమని అడగండి. ఆ 1.4 యాంజియోకి ముందుదా తర్వాతదా?

తణుకు శ్రీను | మంగళవారం, రాత్రి 8:15

ముందుది సార్. రేపే మళ్ళీ చేయిస్తాను. ఇంతమంది ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. ఇంకొక్కటి: లోపల ఉన్నప్పుడు కిడ్నీ పనిచేస్తోందని మూత్రం చూసే కదా తెలుసుకునేది?

పంపు దగ్గర మనిషి | మంగళవారం, రాత్రి 9:20

మూత్రం చూస్తాం, రంగు కూడా చూస్తాం. కారిన రక్తాన్ని పీల్చి మళ్ళీ మెషీన్‌లోకి పంపేటప్పుడు ఎర్రకణాలు కొన్ని నలిగి పగులుతాయి. ఆ హిమోగ్లోబిన్ కిడ్నీలోకి దిగి గొట్టాల్ని గాయపరుస్తుంది. యూరిన్ బ్యాగ్ గులాబీ రంగుకి తిరిగిందంటే నా గుండె జారుతుంది. అప్పుడు సక్షన్ నెమ్మదించమని సర్జన్ గారికి చెబుతాను. ఒక్కోసారి కసురుతారు. అయినా చెబుతాను.

మూత్రం బాగా వస్తోందని మాత్రం నమ్మేయకూడదు. మేం పోసే ద్రవంలో మానిటాల్ ఉంటే దాని వల్లే ధారగా వస్తుంది.

నైట్ డ్యూటీ | మంగళవారం, రాత్రి 11:55

నేను కార్డియాక్ ఐసీయూ సిస్టర్ని. థియేటర్ కథ అందరూ చెప్పారు, ఆ తర్వాతి రాత్రి మాది.

ఛాతీలోంచి వచ్చే డ్రెయిన్ బాటిల్, మంచం పక్కన యూరిన్ బ్యాగ్. గంటగంటకీ రెండూ రాస్తాం. కొత్తగా వచ్చిన పిల్లలకి నేను చెప్పేది ఒకటే, ఆ రెండు అంకెల్నీ విడివిడిగా చదవొద్దని. డ్రెయిన్ మొదటి గంటలో 500 మిల్లీలీటర్లు దాటినా, వరసగా రెండు గంటలు 400 చొప్పున వచ్చినా, మూడు గంటలు 300 చొప్పున వచ్చినా సర్జన్‌ని లేపాల్సిందే. ఇది చాలాచోట్ల ఉన్న లెక్క. చిన్న మనుషులకి ఇంకా ముందే లేపుతాం. అందరికీ తెలిసిన భయం ఇది.

నాకు అంతకన్నా భయం డ్రెయిన్ ఉన్నట్టుండి ఆగిపోవడం. ఒక రాత్రి మూడింటికి ఒకాయనకి గంటకి 150 వస్తున్నది ఒక్కసారిగా 10కి పడిపోయింది. పక్కమంచం దగ్గరున్న అమ్మాయి "హమ్మయ్య, ఆగింది సిస్టర్" అంది. యూరిన్ చూశాను, 60 నుంచి 15కి వచ్చింది. బీపీ దిగుతోంది, మెడ సిరలో ప్రెషర్ ఎక్కుతోంది. రక్తం ఆగలేదు, గొట్టంలో గడ్డ అడ్డంపడి లోపలే గుండె చుట్టూ నిండుతోంది. ఇరవై నిమిషాల్లో మళ్ళీ థియేటర్‌కి తీసుకెళ్ళారు. బయటికొచ్చిన గంటకి యూరిన్ 80. ఆయన కిడ్నీకి ఏ మందూ ఇవ్వలేదు. గుండె మీద బరువు తీస్తే అదే తిరిగొచ్చింది.

నాన్నగారి బరువుకి గంటకి 31 మిల్లీలీటర్లు గీత. కిలోకి అర మిల్లీలీటరు చొప్పున. దానికి తక్కువ 6 గంటలు వరసగా వస్తే, లేదా క్రియాటినిన్ 48 గంటల్లో 0.3 పెరిగితే దాన్ని కిడ్నీ గాయం కింద లెక్క కడతారు. అదొచ్చినంత మాత్రాన డయాలసిస్ కాదు. "లాసిక్స్ ఇచ్చాం, యూరిన్ వచ్చింది" అని ఎవరైనా అంటే మరీ సంబరపడకండి. నీళ్ళు దిగుతాయి, గాయం మానదు.

మత్తు డాక్టర్ | బుధవారం, ఉదయం 7:10

సిస్టర్ చెప్పినదానికి చిన్న తోక. క్రియాటినిన్ ఆలస్యంగా లేచే అంకె. గాయం బల్ల మీద తగిలితే అంకె మర్నాడో ఆ మర్నాడో పెరుగుతుంది, పైగా మేం పోసిన ద్రవంతో పలచబడి మొదటి రోజు తక్కువ కూడా చూపిస్తుంది. అందుకే మూత్రంలో కొన్ని ప్రోటీన్లు కొలిచి గంటల్లోనే పసిగట్టే పరీక్షకి 2014లో అమెరికాలో అనుమతి ఇచ్చారు. జర్మనీలో 2017లో ఆ పరీక్షతో రిస్కున్న 276 మందిని ఎంచి, సగం మందికి బీపీ, ద్రవాలు, షుగర్ గట్టిగా చూసుకుంటే కిడ్నీ గాయం 72 శాతం నుంచి 55కి తగ్గింది. కొత్త మందేమీ లేదు, శ్రద్ధ పెరిగింది, అంతే. ఖరీదైన పరీక్ష లేకపోయినా నాన్నగారిని రిస్కున్న మనిషిగానే చూడమని మీ మత్తు డాక్టర్‌కి చెప్పండి. షుగర్, 1.4, రక్తం తక్కువ. ఇంకేం పరీక్ష కావాలి?

తణుకు శ్రీను | ఇరవై రెండు రోజుల తర్వాత, సాయంత్రం 4:20

ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమనుకోకండి. ఆపరేషన్ నాలుగు రోజులు వెనక్కి జరిగింది. యాంజియో తర్వాత క్రియాటినిన్ 1.7 ఉంది, 1.4కి దిగాక చేస్తామన్నారు. మెషీన్ మీదే చేశారు. మొదటి రాత్రి మొత్తం డ్రెయిన్ 420. రెండు యూనిట్లు ఎక్కించారు. రెండో రోజు క్రియాటినిన్ 1.9. నాకు కాళ్ళు వణికాయి గానీ, నైట్ డ్యూటీ సిస్టర్ రాసింది ఫోన్లో మళ్ళీ చదువుకున్నాను. గంటకోసారి యూరిన్ ఎంతని అడిగితే అక్కడి సిస్టర్ "మీరు మెడికల్ ఫీల్డా?" అంది. నాలుగో రోజుకి 1.6, డిశ్చార్జి నాటికి 1.5. నిన్న ఇంటికి తెచ్చాం.

నైట్ డ్యూటీ | అదే రోజు, రాత్రి 8:45

మంచి మాట చెప్పారు. రెండు వారాలయ్యాక ఒకసారి, మళ్ళీ మూడు నెలలకి ఒకసారి క్రియాటినిన్ చేయించండి. డిశ్చార్జి నాటిది ఒక్కటే చూసి వదిలేయకండి. బైపాస్ కోసం సిర తీసిన కాలి కుట్టు నొప్పి అంటే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి వేయొద్దు, కిడ్నీ గొడవ మళ్ళీ మొదటికొస్తుంది. డిశ్చార్జి కాగితంలో ఏది రాస్తే అదే.

తణుకు శ్రీను | అదే రోజు, రాత్రి 9:05

నొప్పి అన్నారని పొద్దున మందుల షాపులో అడిగితే డైక్లోఫెనాక్ పట్టీ ఇచ్చాడు సిస్టర్. ఇంకా విప్పలేదు. షాపు తొమ్మిదిన్నర దాకా ఉంటుంది, ఇచ్చేసి వస్తా.